బేవుల్ఫ్ నుంచి లాన్సెలాట్ దాకా: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

మధ్యయుగపు ఇంగ్లిషు సాహిత్యంలో వీరుడికీ క్రైస్తవ ధర్మానికీ ఉన్న పొత్తు గురించి వచ్చిన ఉత్తరాలకు ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం. ఒకే సందేహాన్ని నలుగురైదుగురు అడిగినచోట ప్రశ్నను ఒకటిగా కుదించాం. పాత ఇంగ్లిషు మాటల్ని ఉచ్చారణకు వీలైనంత దగ్గరగా తెలుగులో రాశాం.

ప్రశ్న: బేవుల్ఫ్ కావ్యంలోని దైవ ప్రస్తావనలన్నీ తర్వాత ఎవరో మఠవాసి అతికించినవని ఒక పాత పుస్తకంలో చదివాను. నిజమేనా? వాటిని పక్కనపెట్టి చదవవచ్చా?

జవాబు: ముందు కథ ఒక్క ముక్కలో: గీట్ యోధుడు బేవుల్ఫ్ డేన్‌ల రాజు హ్రోత్‌గార్ మందిరం మీద పడి మనుషుల్ని తినే గ్రెండెల్‌నూ, తర్వాత వాడి తల్లినీ చంపుతాడు; ముసలితనంలో తన దేశపు రాజుగా డ్రాగన్‌తో పోరాడి చనిపోతాడు. ఇక మీ ప్రశ్న. 19వ శతాబ్దంలో ఈ వాదం గట్టిగా వినిపించింది. అది నిలుస్తుందో లేదో మీరే పరీక్షించవచ్చు. పెన్సిల్ తీసుకుని దేవుడి మాట వచ్చిన పాదాలన్నీ కొట్టేస్తూ చదవండి. వందో పాదం దగ్గరే చిక్కు వస్తుంది. గ్రెండెల్ ఎవరు? తమ్ముడు హేబెలును చంపిన కయీను సంతతివాడు. హెయొరాట్ మందిరంలో గాయకుడు పాడే పాట వాడి చెవిలో సీసం పోసినట్టు ఎందుకు ఉంటుంది? అది సృష్టికర్త భూమిని అందంగా తీర్చిన పాట కాబట్టి. ఇవి రెండూ కొట్టేస్తే వాడు కారణం లేకుండా మనుషుల్ని తినే జంతువుగా మిగులుతాడు. ఇంకొంచెం ముందుకు వెళ్లండి. గ్రెండెల్ తల్లిని చంపిన కత్తి పిడి మీద జలప్రళయంలో రాక్షసజాతి మునిగిపోయిన కథ ఉంటుంది. ముసలి రాజు హ్రోత్‌గార్ ఆ పిడిని తేరిపార చూసి, అప్పుడు గర్వం గురించి హితవు చెబుతాడు. పిడి తీసేస్తే హితవుకు ఆధారం ఉండదు. అతుకైతే విప్పినప్పుడు కింద గుడ్డ కనబడాలి. ఇక్కడ గుడ్డే చిరిగిపోతోంది.

అలాగని దీన్ని ప్రబోధ కావ్యం అనలేం. 3182 పాదాల్లో క్రీస్తు పేరు ఒక్కసారి కూడా రాదు. సిలువ లేదు. ఆ సృష్టి పాటను మినహాయిస్తే, బైబిలు నుంచి సూటిగా వచ్చిన కథలు కయీనుదీ జలప్రళయానిదీ మాత్రమే. కవి క్రైస్తవుడు, పాత్రలు కావు. ఆ సంగతి అతను ఎక్కడా మరిచిపోడు. 175వ పాదం దగ్గర డేన్‌లు ఆపద తాళలేక విగ్రహాలకు మొక్కుకుంటారు. అక్కడ కవికి కోపం కంటే దిగులే ఎక్కువ: వాళ్లకు దేవుణ్ని తెలుసుకునే దారి లేకపోయిందని. పూర్వీకుల శౌర్యం మీద గౌరవమూ, వాళ్ల ఆత్మలు ఏమయ్యాయో అన్న బెంగా కలిసి ఉండటం వల్లే ఈ కావ్యానికి ఆ గొంతు వచ్చింది. పండితుడు, రచయిత టోల్కీన్ 1936లో ఈ కావ్యం మీద చేసిన ప్రసిద్ధ ప్రసంగం తర్వాత రాక్షసుల్ని పక్కకు నెట్టి చదివే అలవాటు కూడా తగ్గింది.

విద్యార్థులు తరచూ చేసే పొరపాటు ఒకటి. కాగితాన్ని నిలువునా రెండుగా గీసి, ‘వ్యూర్డ్’ అంటే విధి కాబట్టి పాత మతం వైపు, దేవుడు కొత్త మతం వైపు అని సర్దేస్తారు. 1056వ పాదం దగ్గర ఈ సర్దుబాటు కూలిపోతుంది. జ్ఞానియైన దేవుడూ, ఆ మనిషి ధైర్యమూ అడ్డుపడి ఉండకపోతే విధి ఇంకా చాలామందిని పొట్టన పెట్టుకునేదని అక్కడ కవి అంటాడు. దేవుడు, విధి, మనిషి గుండె మూడూ ఒకే వాక్యంలో పనిచేస్తున్నాయి. మీ జవాబుపత్రంలో ఈ ఒక్క వాక్యాన్ని విప్పి చెప్పినా రెండు పేజీల సాధారణ వ్యాఖ్యకన్నా విలువైనది.

మనకు దక్కిన ఏకైక వ్రాతప్రతి 1000వ సంవత్సరం ప్రాంతానిది. 1731లో లండన్ ఆష్‌బర్నమ్ హౌస్ మంటల్లో దాని అంచులు కమిలాయి. ఇద్దరు లేఖకులు రాశారు. 1939వ పాదం దగ్గర చేతిరాత మారుతుంది. దైవ ప్రస్తావనలు మాత్రం ఆ గీతకు ఇటూ ఉన్నాయి, అటూ ఉన్నాయి.

ప్రశ్న: మతగురువులు ఇలాంటి వీరగాథల్ని ఎలా సహించారు?

జవాబు: అందరూ సహించలేదు. 797లో ఇంగ్లిషు పండితుడు ఆల్క్విన్ ఒక బిషప్‌కు రాసిన లేఖలో, గురువులు భోజనం చేసేటప్పుడు వినవలసింది వీణ కాదు, దైవవాక్య పఠనం అని మందలించి, “ఇంగెల్డ్‌కూ క్రీస్తుకూ ఏమిటి పొత్తు?” అని అడిగాడు. ఇంగెల్డ్ బేవుల్ఫ్‌లోనూ తారసపడే యోధుడే. ఇంత గట్టిగా మందలించవలసి వచ్చిందంటే గురువుల భోజనాల దగ్గర ఆ పాటలు బాగానే వినబడుతూ ఉండేవన్నమాట.

ప్రశ్న: బేవుల్ఫ్ చివరి మాట “కీర్తి కోసం అందరికన్నా ఎక్కువ తపించినవాడు” అని ఉందట. క్రైస్తవ దృష్టిలో అది పాపం కదా. కవి పొగుడుతున్నాడా, తప్పుపడుతున్నాడా?

జవాబు: ఆ మాట ‘లోఫ్‌యోర్నోస్ట్’. ‘లోఫ్’ అంటే నలుగురి నోట నిలిచే మెప్పు. చివరి రెండు పాదాల్లో వరుసగా నాలుగు విశేషణాలు వస్తాయి: అందరిలోకీ దయామయుడు, అందరిలోకీ సౌమ్యుడు, తనవాళ్ల మీద అందరికన్నా ఆపేక్ష గలవాడు, నాలుగోది మీరు అడిగినది. మూడు మెత్తని గుణాల పక్కన కూర్చున్న నాలుగోదాన్ని ఒంటరిగా లాక్కొచ్చి తిట్టుగా చదవడం న్యాయం కాదు. అయితే మతసంబంధమైన గద్యంలో ఇదే మాట పొగడ్తల కోసం వెంపర్లాడేవాడు అనే చెడ్డ అర్థంలోనూ కనిపిస్తుంది. ఆనాటి శ్రోతకు ఆ రెండో అర్థం తట్టకపోదు.

తీర్పు చెప్పేముందు ఈ మాటలు ఎవరివో చూడాలి. కవివి కావు. సమాధిదిబ్బ చుట్టూ గుర్రాల మీద తిరుగుతూ ఏడుస్తున్న గీట్ యోధులవి. క్రైస్తవం తెలియని వాళ్లు తమ రాజుకు ఇవ్వగలిగిన అత్యున్నత ప్రశంస అది. కవి దాన్ని మార్చకుండా, పైన ఒక్క ముక్క చేర్చకుండా కావ్యం ముగించాడు.

ఇక గర్వం సంగతి. హ్రోత్‌గార్ హితవు 1700 నుంచి 1784వ పాదం దాకా సాగుతుంది. అందులో ఒక పోలిక ఉంది: అధికారం అనుభవిస్తున్నవాడిలో అహంకారం పెరుగుతుంది, ఆత్మకు కాపలావాడు నిద్రపోతాడు, అప్పుడు హంతకుడు దగ్గర్లోనే నిలబడి వింటినుంచి బాణం వదులుతాడు, అది కవచం దాటి గుండెలో దిగుతుంది. శిరస్త్రాణం, విల్లు, కాపలా అన్నీ యుద్ధరంగపు సామగ్రే. శత్రువు మాత్రం లోపలివాడు. ఈ పోలికను గుర్తుపెట్టుకోండి, ఆ తర్వాత 400 ఏళ్ల సాహిత్యంలోనూ మళ్లీ మళ్లీ వస్తుంది.

బేవుల్ఫ్ ఆ బాణానికి చిక్కాడా? కావ్యం రెండువైపులా సాక్ష్యం ఇస్తుంది. 50 ఏళ్లు రాజ్యం చేసిన ముసలివాడు డ్రాగన్ మీదికి సైన్యంతో వెళ్లడం చిన్నతనం అనుకుంటాడు. ఒక్కడి పట్టుదలకు అనేకులు కష్టాలపాలవుతారని ఆ పోరులో అతనికి తోడు నిలిచిన విగ్లాఫ్ తర్వాత వాపోతాడు. మరోవైపు, డ్రాగన్ ఊళ్లు తగలబెట్టిందని వినగానే బేవుల్ఫ్ మొదట తన్ను తానే అనుమానించుకుంటాడు: పాత ధర్మం తప్పి దేవుడికి కోపం తెప్పించానా అని. చనిపోతూ, ప్రజల కోసం ఈ నిధి సంపాదించగలిగినందుకు దేవుడికి కృతజ్ఞత చెప్పుకుంటాడు. మా మాట అడిగితే, కవి అతన్ని ప్రేమించాడు. ఆ ప్రేమ అతన్ని రక్షించగలదో లేదో తెలియక బాధపడ్డాడు.

ఈ ‘లోఫ్’ ఎటు ప్రయాణించిందో తెలుసుకోవాలంటే పాత ఇంగ్లిషు కవితల సంకలనమైన ఎక్సెటర్ గ్రంథంలోని ‘సముద్రయాత్రికుడు’ కవితలో 72 నుంచి 80వ పాదం దాకా చదవండి. మనిషి పోయాక మిగిలేది బతికున్నవాళ్ల మెప్పే అని అదీ ఒప్పుకుంటుంది. కానీ ఆ మెప్పును సైతానుకు ఎదురొడ్డిన సాహసంతో సంపాదించుకోమంటుంది. అప్పుడు ఆ ‘లోఫ్’ మనుషుల నోటనే కాదు, దేవదూతల మధ్య కూడా నిలుస్తుందట. మాట మారలేదు. శత్రువు మారాడు, వినేవాళ్లు పెరిగారు.

ప్రశ్న: ‘సిలువ కల’ అనే కవితలో క్రీస్తును యువ యోధుడిగా చిత్రించారు. ఇది అతిగా లేదా?

జవాబు: అతి కాదు, చాలా లెక్కగా చేసిన పని. ఇటలీలోని వెర్చెల్లి నగరంలో దొరికిన 10వ శతాబ్దపు గ్రంథంలో ఈ 156 పాదాల కవిత ఉంది. స్కాట్లండ్‌లోని రూత్‌వెల్ రాతిసిలువ మీద, దానికి రెండు శతాబ్దాల ముందే, ఇందులోని కొన్ని పాదాలు రూనిక్ లిపిలో చెక్కారు. అంటే ఈ ఊహ ఎవరో ఒకరి ముచ్చట కాదు, తరాలపాటు నిలిచినది.

39వ పాదంలో యువ వీరుడు తన బట్టలు తానే విప్పుకుంటాడు. సువార్తల్లో సైనికులు ఒలిచిన వస్త్రాన్ని ఇక్కడ యుద్ధానికి సిద్ధమయ్యేవాడు తానే తీస్తున్నాడు. ఎత్తైన సిలువను తానే ఎక్కుతాడు. ఎవరో ఈడ్చుకెళ్లరు. నొప్పి అనుభవించే భారమంతా సిలువ మీద పడుతుంది. మేకులు దిగినది తనలో, నెత్తురుతో తడిసినది తాను, ఎగతాళికి గురైనది తామిద్దరూ అని సిలువ చెబుతుంది.

ఈ కవిత ప్రాణం అంతా సిలువ పడే సంకటంలో ఉంది. ఆనాటి యోధధర్మం ప్రకారం ప్రభువును చంపుతుంటే సేవకుడు అడ్డుపడాలి, లేదా పక్కన పడి చావాలి. ఈ సిలువ కూడా అలాంటి సేవకుడే. శత్రువులందర్నీ పడగొట్టగల బలం తనకు ఉందని అంటుంది. కానీ ప్రభువు ఆజ్ఞ కదలకుండా నిలబడమని. ఆ ఆజ్ఞ పాటించడమంటే స్వయంగా ఆయన చావుకు పనిముట్టు కావడం. విధేయత ఇంత కష్టమైన రూపంలో వీరగాథల్లో ఎక్కడా రాదు. పాత విలువను కవి కొట్టిపారేయలేదు, మెలిపెట్టి ఇంకా బిగించాడు.

చదివేటప్పుడు జాగ్రత్త: ‘వంగలేదు, విరగలేదు, నిలబడ్డాను’ అనే అర్థం వచ్చే క్రియలు ఎన్నిసార్లు వస్తున్నాయో గుర్తులు పెట్టుకోండి. అనువాదంలో వీటిని రకరకాల మాటలతో మార్చేస్తారు కాబట్టి పక్కపక్కన మూలం ఉన్న ప్రతి తీసుకోవాలి.

ప్రశ్న: పాత ఇంగ్లిషు పద్యంలో పాదం ఎలా లెక్కపెట్టాలి?

జవాబు: పాదాన్ని మధ్య విరామం దగ్గర రెండుగా విడదీయండి. ఒక్కో సగంలో రెండేసి, మొత్తం నాలుగు ఊనికలు (నొక్కి పలికే చోట్లు) ఉంటాయి. రెండో సగంలోని మొదటి ఊనిక, అంటే మూడోది, తాళంచెవి. దాని తొలి ధ్వనితో మొదటి సగంలోని ఒకటి లేక రెండు ఊనికలు కలవాలి. నాలుగోది సాధారణంగా కలవకూడదు. ఉదాహరణకు “హియె శ్యల్ థే హెయర్ద్‌ర, హెయొర్తె థే కేన్‌రె”: హియె, హెయర్ద్, హెయొర్తె మూడూ హకారంతో కలిశాయి, కేన్ విడిగా నిలిచింది.

మన యతి తెలిసినవారికి ఇది త్వరగా పట్టుబడుతుంది. అయితే రెండు తేడాలు. మనకు అచ్చుల యతిలో వర్గాలున్నాయి, ‘అ’కు ‘ఇ’ చెల్లదు. అక్కడ ఏ అచ్చుకైనా ఏ అచ్చైనా చెల్లుతుంది. రెండోది, స్ప, స్త, స్క లాంటి జంటధ్వనులు ‘స’తో కలవవు. ‘స్త’కు ‘స్త’యే కావాలి. అక్షరాన్ని కళ్లతో చూసి లెక్కపెట్టకండి. ఊనిక లేని ఉపసర్గలు, చిన్న అవ్యయాలు మోసం చేస్తాయి.

ప్రశ్న: మాల్డన్ యుద్ధకవితలో ‘ఓవర్‌మోద్’ అనే మాటకు గర్వం అనే అర్థం చెప్పాలా, పొంగిపొర్లే ధైర్యం అనా?

జవాబు: ముందు సన్నివేశం. 991 ఆగస్టు, ఎసెక్స్ తీరం, బ్లాక్‌వాటర్ నది. వైకింగ్‌లు ఒక దీవిలో దిగారు. పోటు తగ్గినప్పుడు ఒక సన్నని బాట మాత్రమే నేలకు తేలుతుంది. వుల్ఫ్‌స్టాన్, ఆల్ఫ్‌హెరె, మక్కస్ అనే ముగ్గురు దాన్ని కట్టడి చేశారు. దాటలేక వైకింగ్‌లు ఉపాయంగా, మాకు దారి వదిలితే సమంగా పోరాడదాం అన్నారు. సేనాపతి బిర్హ్ట్‌నోథ్ ఒప్పుకున్నాడు. 89, 90 పాదాల్లో కవి అంటాడు: అప్పుడు ఆ నాయకుడు తన ‘ఓవర్‌మోద్’ వల్ల ఆ ద్వేషించదగిన జనానికి అతిగా నేల ఇచ్చాడు.

‘మోద్’ అంటే మనసు, గుండె నిబ్బరం. ‘ఓవర్’ అంటే మితిమీరి. విడదీస్తే పొగడ్తలా ధ్వనిస్తుంది. కానీ మిగతా పాత ఇంగ్లిషు రచనల్లో ఈ మాట దాదాపుగా పాపపు గర్వానికే వాడారు. దేవుడి మీద తిరగబడి పడిపోయిన దేవదూతకు వాడిన మాట కూడా ఇదే. కాబట్టి మేము ‘గర్వం’ వైపే మొగ్గుతాం. పక్కనే “అతిగా నేల” అన్న మాట ఉండటం మరో కారణం. సేనాపతిగా అతను ఆ దండును అక్కడే దెబ్బతీయకపోతే మరో తీరానికి పోయి దోచేది అనే వ్యూహవాదం ఒకటి ఉంది. తీసిపారేయదగినది కాదు. కవి మాత్రం దాన్ని సాకుగా చెప్పలేదు.

అయినా కవి అతన్ని చిన్నబుచ్చడు. దెబ్బతిని కూలుతూ బిర్హ్ట్‌నోథ్ ఆకాశంకేసి చూసి, లోకంలో అనుభవించిన ఆనందాలన్నిటికీ దేవుడికి కృతజ్ఞత చెప్పి, తన ఆత్మను నరక రాక్షసులు అడ్డుకోకుండా చూడమని ప్రార్థిస్తాడు. తప్పు చేసినవాడూ భక్తితో చావగలడు. గాడ్రిక్ అనేవాడు అదే ప్రభువు గుర్రమెక్కి పారిపోతాడు. గుర్రాన్ని చూసి ప్రభువే పోతున్నాడనుకుని చాలామంది వెనుదిరుగుతారు. ఓటమి అక్కడ ఖాయమైంది. మిగిలినవాళ్లు ఒక్కొక్కరే ముందుకు వచ్చి తమ పేరు చెప్పుకుని పోరాడి పోతారు. ముసలి యోధుడు బిర్హ్ట్‌వోల్డ్ మాటలే పైన యతికి ఉదాహరణగా ఇచ్చాం: మన బలం తరిగేకొద్దీ మనసు గట్టిపడాలి, గుండె పదునెక్కాలి.

అదే సంవత్సరం దేశం వైకింగ్‌లకు 10,000 పౌన్లు కప్పం కట్టిందని ఆంగ్లో-సాక్సన్ క్రానికల్ చెబుతుంది. ఆ లెక్క పక్కన పెట్టుకుని చదివితే, కప్పానికి బదులు ఈటెలు ఇస్తామన్న బిర్హ్ట్‌నోథ్ సమాధానం బరువు తెలుస్తుంది. కవిత మొదలూ చివరా పోయాయి, 325 పాదాలే మిగిలాయి. మూలప్రతి కూడా 1731 మంటల్లో కాలిపోయింది. అంతకుముందే రాసిపెట్టిన నకలు మనల్ని ఆదుకుంది.

ప్రశ్న: కత్తి ఎత్తని వీరులు ఉన్నారా?

జవాబు: ఎడ్మండ్ రాజు. తూర్పు ఆంగ్లియాను ఏలినవాడు, 869లో డేన్‌ల చేతిలో చనిపోయాడు. మఠవాసి ఆల్ఫ్రిక్ రాసిన ఎడ్మండ్ చరిత్రలో, శత్రువులు వచ్చేసరికి రాజు తన మందిరంలో ఆయుధాలు పారేసి నిలబడతాడు. పేతురును కత్తి దూయవద్దన్న క్రీస్తును అనుసరించాలని. చెట్టుకు కట్టి ఒళ్లంతా బాణాలు నాటుతారు. ఇదే ఆల్ఫ్రిక్ మరోచోట, ఒక లేఖలో, శత్రు సేనాపతి తల నరికిన యూదితు కథను, దండెత్తివచ్చే సైన్యం నుంచి దేశాన్ని ఆయుధాలతో కాపాడుకోవడానికి ఉదాహరణగా చూపాడు. రెండూ ఒకే మనిషి కలం నుంచి వచ్చాయి. క్రైస్తవం అంటే అహింస అనో, యుద్ధం అనో ఒకే ముద్ర వేసేవారు ఈ రెండు రచనలనూ పక్కపక్కన పెట్టుకోవాలి.

ప్రశ్న: స్త్రీ పాత్రలకు ఈ వీరత్వంలో చోటుందా?

జవాబు: ఉంది, చిన్నది కాదు. బేవుల్ఫ్ ఉన్న వ్రాతప్రతిలోనే ‘యూదితు’ కావ్యం 349 పాదాలు మిగిలాయి. బైబిలు కథలో యూదితు విధవరాలు, అందాన్ని ఎరగా వేస్తుంది. ఇంగ్లిషు కవి ఆమెను పవిత్ర కన్యగా మార్చి, ఎర వేసే భాగాన్ని దాదాపు లేకుండా చేశాడు. సేనాపతి హోలోఫెర్నెసు తాగి పడిపోయాక ఆమె కత్తి దూసి, కొట్టడానికి ముందు త్రిత్వాన్ని (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ) ప్రార్థిస్తుంది. క్రీస్తుకు ముందటి యూదు స్త్రీ నోట త్రిత్వం! కాలం లెక్క కవికి తెలియక కాదు, ఆమె బలం ఎక్కడినుంచి వచ్చిందో చెప్పడానికి. రెండు దెబ్బల్లో తల తెగుతుంది. చివర సైన్యం హోలోఫెర్నెసు కత్తి, శిరస్త్రాణం, కవచం తెచ్చి ఆమెకు ఇస్తుంది. యోధుడికి దక్కే బహుమతులే ఆమెకూ దక్కాయి. ఆమె ఘనతను దేవుడికి అప్పగిస్తుంది.

కవి కైనెవుల్ఫ్ పునీతురాలు జూలియానా మీద రాసిన ‘జూలియానా’లో ఆయుధమే లేదు. చెరసాలలో దేవదూత వేషంలో వచ్చిన దయ్యాన్ని ఆమె ఒడిసి పట్టుకుని, వాడి నేరాలన్నీ వాడిచేతే ఒప్పిస్తుంది. వాడు చెప్పే పద్ధతి చూడండి: మనిషి మనసు కోటలో కాపలా ఎక్కడ పలచగా ఉందో చూసి బాణం వేస్తానంటాడు. హ్రోత్‌గార్ చెప్పిన బాణమే.

ప్రశ్న: ‘సర్ గవేన్, పచ్చ నైట్’లో గవేన్ చేసిన తప్పు ఏమిటి? నడికట్టు దాచుకున్నంత మాత్రాన అంత కుమిలిపోవాలా?

జవాబు: ఈ ప్రశ్న వేసినవారే ఎక్కువమంది, కాబట్టి తీరిగ్గా చూద్దాం. 14వ శతాబ్దం చివరిది ఈ కావ్యం. కథ ఇది: ఆర్థర్ రాజు కొలువుకు వచ్చిన పచ్చ నైట్ తల నరికిన గవేన్, ఏడాది తర్వాత పచ్చ గుడి దగ్గర అతని గొడ్డలి వేటుకు తన మెడ వంచుతానని మాట ఇస్తాడు. దారిలో ఒక ప్రభువు ఇంట బస చేస్తాడు. ఆ ప్రభువే పచ్చ నైట్ అని చివరకు తేలుతుంది. 2530 పాదాలు, 101 పద్యభాగాలు. అప్పటికి ఒక ముఖ్యమైన మార్పు వచ్చింది. 1215లో జరిగిన నాలుగో లాటరన్ మహాసభ ప్రతి క్రైస్తవుడూ ఏడాదికి ఒక్కసారైనా మతగురువు దగ్గర పాపసంకీర్తనం చేయాలని, అంటే తన పాపాలు చెప్పుకోవాలని నియమం పెట్టింది. తన మనసును తానే తవ్వి చూసుకోవడం అందరి పనీ అయింది. బేవుల్ఫ్‌కూ గవేన్‌కూ మధ్య ఉన్న దూరాన్ని అర్థం చేసుకోవడానికి ఇంతకు మించిన ఒక్క వాస్తవం లేదు.

గవేన్ డాలు మీద ఎడతెగని ముడిలా గీసిన ఐదు కోణాల నక్షత్రం ఉంటుంది. దానికి కవి ఐదు అయిదుల లెక్క చెబుతాడు: లోపంలేని పంచేంద్రియాలు, తడబడని ఐదు వేళ్లు, క్రీస్తు ఐదు గాయాలు, మరియమాత ఐదు ఆనందాలు, ఐదో అయిదుగా ఔదార్యం, సఖ్యత, పవిత్రత, మర్యాద, కరుణ. డాలు లోపలి వైపు మరియమాత బొమ్మ. ఏ గీత ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియనట్టు గుణాలన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. అందం అదే, ప్రమాదమూ అదే: ఒకచోట సడలితే ముడి మొత్తం సడలుతుంది. వీటన్నిటినీ కలిపి ‘ట్రౌథ్’ అంటాడు. ఇచ్చిన మాట, విశ్వాసం, నిజం మూడూ కలిసిన ఈ మాటకు తెలుగులో ‘సత్యసంధత’ దగ్గరగా వస్తుంది.

ఇప్పుడు ఒక కాగితం మీద మూడు నిలువు వరుసలు గీయండి: వేట, పడకగది, సాయంత్రపు మార్పిడి. మూడు రోజులు మూడు అడ్డు వరుసలు. మొదటి రోజు లేళ్లు, ఒక ముద్దు. రెండో రోజు అడవిపంది, రెండు ముద్దులు. మూడో రోజు నక్క, మూడు ముద్దులు. ఆ రోజు ఏది దొరికితే అది ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకోవాలన్నది ఆతిథ్యమిచ్చిన ప్రభువుతో ఒప్పందం. మూడో రోజు ఇల్లాలు ముందు బంగారు ఉంగరం ఇవ్వబోతుంది. గవేన్ వద్దంటాడు. తర్వాత పచ్చ నడికట్టు: కట్టుకున్నవాణ్ని ఎవరూ చంపలేరు, నా భర్తకు చెప్పకు అంటుంది. తీసుకుంటాడు. ఆశ ఆభరణం మీద కాదు, ప్రాణం మీద.

ఆ తర్వాత జరిగేది చాలామంది దాటేస్తారు. గవేన్ అదే రోజు గురువు దగ్గరకు వెళ్లి పాపాలు చెప్పుకుంటాడు. రేపే తీర్పు దినమైనా సిద్ధం అన్నంత శుభ్రంగా గురువు విమోచన ఇస్తాడు. సాయంత్రం మూడు ముద్దులు ఇచ్చి, నడికట్టు మాత్రం దాచుకుంటాడు. ఆనాటి బోధ ప్రకారం ప్రాయశ్చిత్తానికి మూడు భాగాలు: పశ్చాత్తాపం, నోటితో ఒప్పుకోవడం, చేసినదానికి శిక్షో పరిహారమో అనుభవించడం. ఇతరులది తిరిగి ఇవ్వకుండా దాచుకుంటే మొదటి భాగమే అనుమానంలో పడుతుంది. మరి ఆ సంకీర్తనం చెల్లిందా? కవి తేల్చలేదు. తేల్చిచెప్పే వ్యాఖ్యాతల్ని కొంచెం అనుమానంగా చూడండి.

వేటకూ దీనికీ ఉన్న ముడి గమనించండి. మూడో రోజు నక్క, ప్రభువు విసిరిన కత్తి నుంచి తప్పుకోబోయి కుక్కల నోట పడుతుంది. మరునాడు పచ్చ గుడి దగ్గర గొడ్డలి దిగుతుంటే గవేన్ భుజాలు కాస్త ముడుచుకుంటాయి. మొదటి వేటు ఆపేస్తాడు, రెండోదీ ఆపేస్తాడు, మూడోదానికి మెడ మీద చిన్న గాటు. మొదటి రెండు రోజులు మాట నిలబెట్టుకున్నందుకు గాయం లేదు. మూడో రోజుకే ఆ గాటు.

అప్పుడు అసలు పాపసంకీర్తనం జరుగుతుంది, గురువు లేకుండా. గవేన్ నడికట్టు విసిరికొట్టి, పిరికితనం, దురాశ నన్ను నా స్వభావానికి ద్రోహిని చేశాయని ఒప్పుకుంటాడు. పచ్చ నైట్ నవ్వి, కొంచెం తగ్గావంతే, ప్రాణం మీద తీపి వల్ల తగ్గావు కాబట్టి నిన్ను పెద్దగా తప్పుపట్టను, నా గొడ్డలి మొనతో ప్రాయశ్చిత్తం అయిపోయింది అంటాడు. ఇద్దరి కొలతలూ వేరు. ఆర్థర్ కొలువు కొలత మూడోది: వాళ్లు హాయిగా నవ్వి, అదే పచ్చ పట్టీని గౌరవచిహ్నంగా అందరూ ధరిస్తారు. గవేన్‌కు మాత్రం అది చచ్చేదాకా మోయవలసిన మచ్చ.

మీ ప్రశ్నకు మా జవాబు: అవును, కుమిలిపోవాలి. తప్పు పెద్దదని కాదు. ఆ ఐదు కోణాల ముడి ఎక్కడ సడలిందో మిగతావారెవరికీ కనబడనప్పుడు అతనికి కనబడింది. గొడ్డలి కింద మెడ వంచడం కన్నా ఆ చూపు కష్టం. అయితే అదే ఊపులో అతను ఆదాము, సొలొమోను, సమ్సోను, దావీదుల్ని ఏకరువు పెట్టి నెపం ఆడవాళ్ల మీదికి నెట్టబోతాడు. ఆ భాగాన్ని వదిలేసి గవేన్‌ను పరిపూర్ణ పశ్చాత్తాపిగా రాయవద్దు. కవి అతన్ని అలా చూపలేదు.

ప్రశ్న: మాలరీ దగ్గర గాలహాడ్ గొప్పవాడా, లాన్సెలాట్ గొప్పవాడా?

జవాబు: 15వ శతాబ్దంలో మాలరీ గద్యంలో కూర్చిన ఆర్థర్ కథల్లో, పవిత్ర పాత్ర (క్రీస్తు చివరి విందులో వాడిందని చెప్పే గిన్నె, గ్రెయిల్) అన్వేషణ వరకే అడిగితే గాలహాడ్. అతనికి తోడుగా పెర్సివల్, బోర్స్ మాత్రమే ఆ పాత్ర దర్శనం సంపూర్ణంగా పొందుతారు. లాన్సెలాట్ ఆ గది గడప దాకా వస్తాడు, వద్దన్నా లోపలికి అడుగేస్తాడు, వేడిగాలి కొట్టి పడిపోయి 24 రోజులు స్పృహ లేకుండా ఉంటాడు. లేచాక తానే లెక్క కట్టుకుంటాడు: 24 ఏళ్లు పాపంలో బతికినందుకు. ఆ పాపం ఆర్థర్ భార్య, రాణి గ్వినివీర్‌తో ప్రేమ.

కానీ గాలహాడ్‌లో తప్పు లేదు కాబట్టి పోరాటమూ తక్కువే. పుస్తకాన్ని మోసేది లాన్సెలాట్. మాన్పలేని గాయాలతో వచ్చిన సర్ ఉర్రీని ఆర్థర్ కొలువులో ఒక్కొక్కరే ముట్టుకుని విఫలమయ్యాక లాన్సెలాట్ వంతు వస్తుంది. తన పాపం తనకు తెలుసు. చేయను అని బతిమాలతాడు. రాజాజ్ఞ మీద మోకరిల్లి, నా కొద్దిపాటి పరువు కాపాడమనీ, నా వల్ల కాదు, నీ దయవల్ల ఈ మనిషికి నయం చేసే శక్తినిమ్మనీ లోలోపల వేడుకుంటాడు. గాయాలు మానుతాయి. అందరూ దేవుణ్ని స్తుతిస్తుంటే లాన్సెలాట్ దెబ్బలు తిన్న పిల్లవాడిలా ఏడుస్తాడు. ఎందుకు ఏడ్చాడో మాలరీ చెప్పలేదు. అనర్హుడికి దక్కిన దయ మనిషిని ఇలాగే కదిలిస్తుందని మాకు అనిపిస్తుంది.

మాలరీ ఈ గ్రంథాన్ని నాలుగో ఎడ్వర్డ్ రాజు పాలన తొమ్మిదో ఏట ముగించాడు. ముద్రాపకుడు కాక్స్‌టన్ 1485 జూలై 31న అచ్చువేసి, ఇందులో మంచిని అనుసరించండి, చెడును విడిచిపెట్టండి అని ముందుమాటలో కోరాడు. 1934లో వించెస్టర్ కాలేజీలో వ్రాతప్రతి బయటపడ్డాక, కాక్స్‌టన్ ఎక్కడెక్కడ కత్తెర వేశాడో తెలిసింది. కొనేముందు మీ ప్రతి ఏ పాఠాన్ని అనుసరించిందో ముందుమాటలో చూసుకోండి.

చివర లాన్సెలాట్ కత్తి వదిలి మతగురువుగా మారి, ఉపవాసాలతో చిక్కి చనిపోతాడు. అతని శవం దగ్గర తమ్ముడు ఎక్టర్ చేసే విలాపాన్ని బేవుల్ఫ్ చివరి పాదాలతో కలిపి పైకి చదవండి. దాదాపు అవే గుణాలు వినిపిస్తాయి. స్త్రీలున్న సభలో భోంచేసినవాళ్లలో నువ్వు అత్యంత సౌమ్యుడివి అంటాడు ఎక్టర్. ఆ వెంటనే, శత్రువు మీదికి ఈటె ఎత్తినవాళ్లలో అత్యంత కఠినుడివి అంటాడు.